పిలుపు పుస్తకంలో ఎడమ పేజీలు

2వ తేదీ, సోమవారం

కుడి పేజీ పిలుపులకి. ఎడమ పేజీ ఖాళీగా వదిలెయ్యాలి, ఏదైనా ప్రమాదం జరిగితే రాయడానికి. పదిహేడేళ్ళుగా గట్టువలస పిలుపు గదిలో కూర్చుంటున్నాను. నా షిఫ్టులో ఒక్క ప్రమాదమూ జరగలేదు. ఎడమ పేజీలన్నీ తెల్లగా ఉండిపోయాయి. చంద్రుడి మీద కాగితం ఎంత కష్టపడితే దొరుకుతుందో తెలిసినదాన్ని, ఇంత తెల్లకాగితం ఊరికే పోతుంటే కడుపు మండుతుంది. అందుకని ఈరోజు నుంచి రాసుకుంటున్నాను. ఎవరైనా అడిగితే ప్రమాదం జరిగిందనే చెప్తాను. ఒక రకంగా జరిగింది కూడా.

దిబ్బపేటలో మంచు అయిపోయిందని ఆ ఊరు మూసేశారు. నలభై ఒక్క మంది పొద్దున్న బండి మీద ఇక్కడికి వచ్చారు. బయటికీ లోపలికీ మధ్య రెండు తలుపుల గది ఉంటుంది, నడిమిల్లు అంటాం. అందులో సూట్ల మీది ధూళి దులిపే పని నాకు పడింది. ఆ ధూళి టపాసుల వాసన వేస్తుందని పెద్దవాళ్ళు అనేవాళ్ళు. ఇక్కడే పుట్టినదాన్ని, టపాసు ఎలా ఉంటుందో నాకు తెలియదు. దులిపాక మూడు రోజులు ముక్కులోంచి పోదని మాత్రం తెలుసు.

ముప్పై మూడో సూటు హెల్మెట్ తీస్తే గౌరీశు.

జుట్టు సగం పోయింది, మిగిలిన సగం తెల్లబడింది. ముక్కు మాత్రం అలాగే ఉంది. నన్ను చూశాడు. బ్రష్షు పక్కావిడ చేతిలో పెట్టి వచ్చేశాను. పంతొమ్మిదేళ్ళ తరవాత ఇంతకన్నా బాగా పలకరించుకునే ఓపిక నా దగ్గర లేదు.

4వ తేదీ, బుధవారం

మా పని అంతా అమాసలో. ఎండ ఎన్నడూ తగలని పెద్ద గొయ్యి అది. అందులో మంచురాయి కోసి పైకి తెస్తే దాంతోనే తాగుతాం, దాంతోనే ఊపిరి పీలుస్తాం. దిగినవాళ్ళని అయిదు నిమిషాలకోసారి పిలవాలి. నెంబరు చెప్పి, మీట నొక్కి, "ఉన్నావా?" అనాలి. మీట నొక్కితే వాళ్ళ మణికట్టు మీద చిన్న దీపం కూడా వెలుగుతుంది. "ఉన్నాను" అని వాళ్ళే నోటితో చెప్పాలి. ఎన్ని సెకన్లకి చెప్పారో నేను రాయాలి. అయిదు దాటితే ఆలస్యం. పది దాటితే గంట కొట్టాలి, అందరూ పని వదిలేసి వెతకడానికి పరిగెత్తాలి. నెలలో మూడు ఆలస్యాలు పడితే బయట పని చేసే కార్డు తీసేస్తారు.

కార్డు లేనివాళ్ళకి లోపల పని ఉంటే సరే. ఇప్పుడు నలభై ఒక్క మంది కొత్తగా వచ్చి పడ్డారు, లోపల వడపోత గుడ్డలు ఉతకడానికి కూడా ఖాళీ లేదు. పని లేనివాళ్ళు ఇరవై ఎనిమిదో తేదీ ఓడలో కిందికి, భూమికి వెళ్ళాలి. ఇక్కడ పుట్టిన ఎముకలు కింద నిలబడవు. ఇంతకు ముందు వెళ్ళిన తొమ్మిది మందీ మంచం దిగలేదని ఉత్తరాలు వచ్చాయి. రెండేళ్ళు దాటి ఉత్తరం రాసినవాళ్ళు లేరు.

ఈరోజు జాబితాలో ఎనిమిదో నెంబరు గౌరీశు. మీట నొక్కకుండా మూడుసార్లు అని చూసుకున్నాను, గొంతు ఎలా ఉందో అని. ఆ తరవాత నొక్కాను.

"ఎనిమిదో నెంబరు, ఉన్నావా?"

"ఉన్నాను."

మూడు సెకన్లు. గొంతు బొంగురుపోయింది. ఆరు గంటల షిఫ్టు, డెబ్బై రెండు పిలుపులు. పంతొమ్మిదేళ్ళు ఒక్క మాట లేకుండా ఉండి ఒక్క రోజులో డెబ్బై రెండుసార్లు మాట్లాడుకున్నాం. ఇంటికొచ్చి అంబలి కూడా తాగకుండా పడుకున్నాను.

6వ తేదీ, శుక్రవారం

నడిమిల్లు తలుపు మీద ఎర్ర రంగుతో "ఎవరి మాట వారే చెప్పాలి" అని రాసి ఉంటుంది. అది రాయించాల్సి వచ్చింది గౌరీశు వల్లే. రోజూ దాని కిందనుంచే వెళ్తున్నాడు. వెనక నిలబడ్డవాళ్ళు దాన్నీ అతన్నీ మార్చి మార్చి చూస్తున్నారు. దొంగపిలుపోడు అన్న పేరు పంతొమ్మిదేళ్ళయినా పాతబడలేదు.

ఎప్పుడో ఒకసారి రాయాల్సిందే, ఇప్పుడే రాస్తాను.

అప్పట్లో మేం ముగ్గురం ఒక జట్టు. నేను, గౌరీశు, మా తమ్ముడు తవుడు. గౌరీశుకీ నాకూ పెళ్ళి మాట అయిపోయింది. పాత హెల్మెట్లో నా కోసం గోంగూర మొక్క పెంచి ఇచ్చిన మనిషి అతను. ఊళ్ళో గోంగూర అన్నది లేని రోజులవి, విత్తనం ఎక్కడ సంపాదించాడో ఇప్పటికీ చెప్పలేదు. తవుడికి ఇరవై ఏళ్ళు. వాడికి ఈ పిలుపులంటే విసుగు. రేడియో కట్టేసుకుని పాడుకుంటూ కోసేవాడు. వాడి బదులు గౌరీశు ముక్కుతో "ఉన్నా" అనేవాడు. పాత రేడియోల్లో ఎవరి గొంతయినా ఒకటే గరగర. మేం ముగ్గురం నవ్వుకునేవాళ్ళం. ఒకరోజు వాడి సూటు మెడ దగ్గర అతుకు గడ్డకట్టి పగిలింది. రేడియో కట్టేసి ఉంది. గౌరీశు రెండు పిలుపులకి వాడి బదులు "ఉన్నా" అన్నాడు. మూడో పిలుపుకి ముందు, వాడు కోస్తున్న బండ వెనక్కి మేం వెళ్ళి చూశాం. అప్పటికే వాడు పోయాడు.

విచారణ అయిన నెలకి గౌరీశుని దిబ్బపేట పంపేశారు. మా అమ్మ పోయేదాకా అతని పేరు ఇంట్లో వినపడనివ్వలేదు. నేను ఆ తరవాత ఒక్కసారి కూడా నడిమిల్లు బయటి తలుపు దాటలేదు.

ఇది ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతి. తెలియనిది కొంచెం ఉంది. అది ఈరోజు రాయలేను.

సాయంత్రం పిలుపు గది బయట గోంగూర తొట్టికి నీళ్ళు పెడుతుంటే గౌరీశు వరండాలో వెళ్తూ కనిపించాడు. "గౌరీశూ" అని పిలిచాను. నా నోటంట ఆ పేరు ఎలా వచ్చిందో నాకే తెలియదు. అతను ఆగలేదు, కనీసం తల తిప్పలేదు. బుద్ధి వచ్చింది నాకు. మిగిలిన నీళ్ళు తొట్టిలో పోసి లోపలికి వచ్చాను. ఎక్కువై అడుగునుంచి కారిపోయాయి.

11వ తేదీ, బుధవారం

ఎనిమిదో నెంబరు సోమవారం ఆరు సెకన్లు. ఆలస్యం రాశాను. ఈరోజు ఏడు. రెండో ఆలస్యం.

నాతో షిఫ్టు మార్చుకునే నూకరత్నం అప్ప పుస్తకం చూసి పెదవి విరిచింది. నాకు ఈ పని నేర్పింది ఆవిడే. అరవై మూడేళ్ళు. ఎవరిమీదా కోపం నిలవని మనిషి.

"నీమీద కోపంతో కావాలని ఆలీసం సేస్తన్నాడేటి?" అంది.

"నామీద కోపం ఉంటే బేగి చెప్పీసి వదిలించుకోవాల కదప్పా."

"మరేటయ్యింది ఆడికి?"

నాకు తెలిస్తే కదా చెప్పడానికి. పని నెమ్మదిగా చేస్తున్నాడని మాత్రం కాదు. మేస్త్రి లచ్చుంనాయుడు లెక్కలో అందరికన్నా ఎక్కువ మంచురాయి కోసేది అతనే.

13వ తేదీ, శుక్రవారం

నలభయ్యో పిలుపుకి ఏడు సెకన్లు. పెన్ను కాగితం మీద పెట్టాను. నాలుగు అని రాశాను.

పదిహేడేళ్ళలో మొదటిసారి. పెన్ను ఒక్క క్షణం కూడా ఆగలేదు. దానికే నాకు భయం వేసింది.

17వ తేదీ, మంగళవారం

నాలుగు రోజుల్లో తొమ్మిదిసార్లు తప్పు రాశాను. ఆరుకి మూడు. ఎనిమిదికి నాలుగు. కొంచెం తేడాలతో రాస్తున్నాను, ఒకేలా రాస్తే కనిపెడతారని. ఇంత తెలివి నాలో ఉందని నాకే తెలియదు.

ఈరోజు ఇంకో పని చేశాను. అనుమానం తినేస్తుంటే చేశాను. దీపం తీగ ఊడదీసి, గొంతు ఒక్కటే పంపాను.

"ఎనిమిదో నెంబరు, ఉన్నావా?"

ఏమీ లేదు. మళ్ళీ పిలిచాను. పది సెకన్లు దాటాయి. గంట మీద చెయ్యి పెట్టాను కానీ కొట్టలేదు. కొడితే అతని సంగతి ఊరందరికీ తెలిసిపోతుంది, కార్డు పోతుంది, ఓడ ఎక్కించేస్తారు. పదిహేను. ఇరవై. అతను నిజంగానే పడిపోయి ఉంటే? తవుడు పడిపోయినప్పుడు కూడా ఇలాగే ఎక్కడో ఒక చెయ్యి గంట మీదికి వెళ్ళకుండా ఆగింది కదా అనిపించింది. తీగ మళ్ళీ గుచ్చి మీట నొక్కి పట్టుకున్నాను.

"ఉన్నాను."

ఇరవై ఆరు సెకన్లు. మూడు అని రాశాను.

అతనికి చెవులు వినపడవు. వచ్చినవాళ్ళకి ఎముకలు చూశారు, ఊపిరితిత్తులు చూశారు. చెవులు చూడాలని ఎవరికీ తోచలేదు. ఆ రోజు వరండాలో నేను పిలిస్తే తల తిప్పనిది అందుకే. పదకొండు రోజులుగా ఆ సంగతి తలుచుకుని పళ్ళు నూరుకున్నదాన్ని, నన్ను నేనే రెండు తిట్టుకున్నాను.

18వ తేదీ, బుధవారం

మధ్యాహ్నం భోజనాల గదిలో గౌరీశు ఎప్పటిలాగే ఒంటరిగా మూల బల్ల దగ్గర కూర్చున్నాడు. చోడి అంబలి గిన్నె పట్టుకుని వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. గదిలో చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఆ సంగతి అతనికి తెలియలేదు, నాకు తెలిసింది.

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "నీకు ఇనపడదు కదేటి," అన్నాను.

నా చేతికేసి చూశాడు. "చెయ్యి తీసి చెప్పు," అన్నాడు.

చెయ్యి తీశాను. మళ్ళీ చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఎన్నాళ్ళయ్యింది?" అని అడిగాను.

"సూటు చిల్లు పడినప్పుడు కుడిది పోయినాది, ఆరేళ్ళు. ఎడమది ఇక్కడికొచ్చిన కాడికి కూసింత ఉన్నాది. ఇప్పుడు నేదు."

"దీపం చూసి చెప్తన్నావా?"

"చేతులు పైకెత్తి కోస్తన్నప్పుడు కనపడదు. దించినప్పుడు చూస్తాను. అందుకే ఆలీసం." అంబలి కలుపుతూ అన్నాడు, "నూకరత్నం అప్ప టిక్కు టిక్కుమని రెండుసార్లు నొక్కుద్ది. నువ్వు నొక్కి పట్టుకుంటావు. మొదటి రోజే తెలిసింది దాలమ్మా, పిల్తన్నాది నువ్వేనని."

గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాను. నలభై అయిదేళ్ళ మనిషిని, అందరిముందూ ఏడిస్తే బాగోదు.

"నిన్న ఓ పిలుపుకి దీపం ఎలగనేదు," అన్నాడు. "గడియారం చూసుకుంటే అయిదు నిమిషాలు దాటీసింది. నీకేటైనా అయ్యిందేమోనని భయమేసింది."

"తీగ నేనే ఊడదీసినాను. నీకు ఇనపడతాదో లేదో చూద్దామని."

"ఎంతసేపు?"

"ఇరవై ఆరు."

"గంట కొట్టినా నాకు ఇనపడదు. కొట్టినావా?"

"నేదు."

"ఎంత రాసినావు?"

"మూడు."

గిన్నె పక్కకి నెట్టేశాడు. కోపం వస్తే అతని చెవులు ఎర్రబడతాయి. పనికిరాని చెవులు ఇప్పటికీ అలాగే ఎర్రబడుతున్నాయి.

"కొట్టీ. ఆ మూడు కొట్టీసి ఇరవై ఆరు రాయి. నా బదులు నువ్వు ఉన్నాను అన్నట్టే కదా అది. ఆ పని సేస్తే ఏటవుద్దో నాకన్నా తెలిసినోడు ఈ ఊళ్ళో ఎవుడు?"

"రాస్తే నిన్ను ఓడ ఎక్కిస్తారు."

"ఎక్కిస్తే ఎక్కుతాను. నీచేత ఆ పని సేయించుకుని బతకను."

అప్పుడు అన్నాను. పంతొమ్మిదేళ్ళు ఎవరికీ చెప్పని మాట, వినపడని మనిషికి పెదవులు విడదీసి, స్పష్టంగా, ఒక్కొక్క ముక్కే చెప్పాను.

"ఆ రోజు పొద్దున్న నీకు చెప్పింది నానే. తవుడికి రెండు ఆలీసాలు పడిపోయినాయి, మూడోది పడితే కార్డు పోద్ది, వాడి వంతు కూడా నువ్వే చెప్పీ అని. ఇంక ఈ ఆట వద్దన్నావు నువ్వు. నాను బతిమాలినాను."

"తెలుసు కదా నాకు."

"ఇచారణలో నీ పక్కనే కూకున్నాను. ఎవరు చెప్పమన్నారని అడిగినారు. ఎవరూ నేదన్నావు. నాను నోరు తెరవనేదు."

"నానూ తెరవనేదు."

"ఎందుకు?"

మూతి తుడుచుకున్నాడు. "మీ అమ్మకి ఆ రోజుకి నువ్వొక్కర్తివే మిగిలినావు," అన్నాడు.

19వ తేదీ, గురువారం

తప్పు రాసినవి పది. పదీ కొట్టేసి నిజం రాశాను. ప్రతి దాని పక్కనా నా పేరు పెట్టాను. లచ్చుంనాయుడు మేస్త్రి ముందు పుస్తకం పెట్టి, గౌరీశుకి వినపడదని చెప్పి, భోజనాల గదిలో అందరూ ఉన్నప్పుడు లేచి నిలబడి తవుడి సంగతి కూడా చెప్పాను. చెప్తున్నంతసేపూ గోడ మీద ఉన్న గోరంత పగులు చూస్తూ చెప్పాను. దొంగపిలుపు చెప్పమన్నది నేను, చెప్పాక దాచుకున్నది నేను, గౌరీశు ఒక్కడిమీదే ఆ పేరు వేసి మీరు పిలుస్తుంటే పంతొమ్మిదేళ్ళు విన్నది నేను అన్నాను.

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. పక్కన కూర్చునే ఆవిడ తన గిన్నె తీసుకుని వేరే బల్లకి వెళ్ళిపోయింది. గౌరీశు ఆ మూలనుంచి నా పెదవులు కనిపించక, ఏం చెప్పానో తెలియక, అందరి ముఖాలూ చూస్తున్నాడు. చివరికి నూకరత్నం అప్ప వెళ్ళి అతని ఎదురుగా నిలబడి మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. ఆవిడ పెదవులు చూసి తల వంచుకున్నాడు.

లచ్చుంనాయుడు మంచివాడే. మంచివాడు కాబట్టే నావైపు చూడకుండా చెప్పాడు.

"పిలుపు గదిలో తప్పు రాసినోలు కూకోడానికి నేదు దాలమ్మా. ఆ రూలు నాను మార్చలేను. ఆడి కార్డూ తియ్యాల. లోపల పని చూస్తాను గానీ, ఖాళీ నేదని నీకూ తెలుసు."

అంటే ఓడలో రెండు పేర్లు. పిలుపు గది తాళం ఇచ్చేశాను. పుస్తకం మాత్రం నూకరత్నం అప్ప నా వొళ్ళో పెట్టి, "ఎడమ పేజీలు నువ్వే రాసుకో, నాకు రాసుకోడానికేటి ఉన్నాది," అంది. ఇన్నాళ్ళూ చూస్తూనే ఉందన్నమాట.

రాత్రి అంబలి పూర్తిగా తాగాను. పంతొమ్మిదేళ్ళలో గిన్నె అడుగు చూడటం గుర్తులేదు.

21వ తేదీ, శనివారం

ఓడలోకి పదిహేను కిలోలు తీసుకెళ్ళొచ్చని కాగితం వచ్చింది. నా సామాను తూస్తే పదకొండు. నలభై అయిదేళ్ళ బతుకు పదకొండు కిలోలు. గోంగూర తొట్టిని తీసుకెళ్ళనివ్వరు.

గౌరీశు తొట్టి దగ్గరికి వచ్చాడు. ఆకు తుంచి వాసన చూశాడు.

"ఇదేటి, ఆ హెల్మెట్లో గోంగూరేనా?"

"గోంగూరంటే గోంగూరే. దానికి పేరుంటాదేటి?"

"ఇన్నేళ్ళు విత్తనం తీస్తా వచ్చినావా?"

"పప్పులోకి పనికొస్తాదని," అన్నాను. అతను నవ్వాడు. పై పన్ను ఒకటి లేదు. నాకు ఇష్టమైన మనిషి ఈ మనిషి అని ఉన్నట్టుండి తెలిసింది. అప్పటి కుర్రాడు కాదు, పన్ను లేని, చెవులు లేని ఈ మనిషే. తెలియడానికి ఇదా సమయం అని విసుగు కూడా వచ్చింది.

మొట్టమొదట ఇక్కడికి వచ్చిన పెద్దవాళ్ళు ఎలా పని చేసేవాళ్ళు అని అతను మాటల్లో అడిగాడు, రేడియోలు సరిగ్గా లేని రోజుల్లో. నడుములకి తాడు కట్టుకునేవాళ్ళు అన్నాను. మా అమ్మా నాన్నా అలాగే దిగేవాళ్ళు. దాన్ని తాటి జత అనేవాళ్ళు. ఆ మాట అనగానే ఇద్దరం ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నాం.

23వ తేదీ, సోమవారం

తాటి జత రూలు ఎవరూ కొట్టెయ్యలేదు. వాడటం మానేశారంతే. లచ్చుంనాయుడు పాత రూళ్ళ పుస్తకం వెతికి తీశాడు. వినికిడి లేనివాడు తాడు మీద దిగొచ్చు. పిలుపు వచ్చినప్పుడు జతలో రెండోవాళ్ళు తాడు లాగాలి, అతను నోటితో చెప్పాలి. గడువు అయిదు కాదు, పది.

"అయితే ఒక్కటి," అన్నాడు లచ్చుంనాయుడు. "ఆడితో తాడు కట్టుకోడానికి ఎవరూ రారు. అడిగి చూసినాను. నీ సంగతి ఇన్నాక కూడా, ఆడి పేరు ఆడిదే."

"నాను వస్తాను."

"నీకు బయట కార్డు ఎప్పుడో పోయింది."

"పరీక్ష షిఫ్టు పెట్టండి. నెగ్గితే ఇద్దరికీ కార్డులివ్వండి. నెగ్గకపోతే ఓడ ఎలాగూ ఉంది."

గురువారం అన్నాడు.

పెద్ద ధైర్యంగా చెప్పేశాను గానీ, గదికి వచ్చాక గురువారం దాకా ఎన్ని గంటలో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

25వ తేదీ, బుధవారం

సూటు వేసుకుని నడిమిల్లు దాకా వెళ్ళాను. లోపలి తలుపు మూశారు. గాలి లాగేసే చప్పుడు మొదలయ్యేసరికి, ఆపమని గోడ మీద గుద్దాను. ఆపారు. గౌరీశు నా పక్కన నేల మీద కూర్చున్నాడు. కొంతసేపటికి లేచాను. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ గుద్దాను. అయిదోసారి గుద్దలేదు. తలుపు తెరుచుకుంది. గడప మీద నిలబడి బయటి నేల చూసి తిరిగొచ్చేశాం. ఈరోజుకి అంతే.

అతను నా భుజం మీద చెయ్యి వేశాడు. సూటు మందానికి నాకేమీ తెలియలేదు. వేశాడని మాత్రం చూశాను.

26వ తేదీ, గురువారం

చెయ్యి నొప్పితో రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే పోనీ.

తాడు నాలుగు బారలు. ఒక చివర నా నడుముకి, రెండో చివర అతని నడుముకి. నేను ఒకటో నెంబరు, అతను రెండో నెంబరు. పిలుపు గదిలో నూకరత్నం అప్ప. ఆవిడ పక్కన నిలబడి లచ్చుంనాయుడు గడియారం చూస్తున్నాడు.

అమాసలోకి దిగాం. నా హెల్మెట్ దీపం పడినంత మేరే లోకం. మొదటి గంట బాగానే గడిచింది. పిలుపు రాగానే నా మాట చెప్పేదాన్ని, తాడు లాగేదాన్ని, అతను "ఉన్నాను" అనేవాడు. నాలుగు, మూడు, నాలుగు. తరవాత మంచు పొర ఒక బండ వెనక్కి తిరిగింది. అతను కోసుకుంటూ ఆ వెనక్కి వెళ్ళాడు. బండని చూసి గుర్తుపట్టాను. తవుడు పడిపోయింది దాని వెనకే.

నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. తాడు మాత్రం బండ అంచు మీదుగా వెనక్కి వెళ్ళి కనిపించకుండా పోయింది.

"ఒకటో నెంబరు, ఉన్నావా?"

"ఉన్నాను."

"రెండో నెంబరు, ఉన్నావా?"

తాడు లాగాను. కదల్లేదు. గట్టిగా లాగాను. బండ అంచు పగుల్లో ఇరుక్కుంది. నా లాగుడు అవతలికి వెళ్ళడం లేదు. రెండు సెకన్లు, మూడు. బండ దగ్గరికి రెండడుగులు వేస్తే తాడు విడిపించొచ్చు. ఆ రెండడుగులు వెయ్యలేకపోతున్నాను. నాలుగు. అయిదు.

నూకరత్నం అప్ప గొంతు తగ్గించి అంది, పక్కనున్న మేస్త్రికి వినపడకూడదని కాబోలు. "పక్కనే ఉన్నాడు కదే. ఉన్నాడని నువ్వో మాట అనీ, సాలు."

ఆవిడ మంచి మనసుతోనే అంది. నా నోట్లో మాట సిద్ధంగా ఉంది కూడా. పంతొమ్మిదేళ్ళ కిందట ఆ పొద్దున్న నేను కూడా మంచి మనసుతోనే బతిమాలాను.

"నాను ఒకటో నెంబరుని అప్పా," అన్నాను. "రెండో నెంబరు మాట రెండో నెంబరే చెప్తాడు."

ఆరు. ఒక అడుగు వేశాను. బండ వెనక ఏముంటుందో నాకు తెలుసు, ఒకసారి చూశాను, మళ్ళీ చూడలేనని పంతొమ్మిదేళ్ళు లోపలే కూర్చున్నాను. ఏడు. రెండో అడుగు. ఎనిమిది. బండ మీద చెయ్యి పెట్టి, పగుల్లోంచి తాడు ఊడబెరికి, ఉన్న బలమంతా పెట్టి లాగాను.

అవతలినుంచి తాడు రెండుసార్లు కదిలింది.

"ఉన్నాను," అన్నాడు గౌరీశు.

నేను అక్కడే, ఆ బండకి ఆనుకుని, ఏడ్చాను. ఏడ్చానని ఇక్కడ రాస్తే నాకేం సిగ్గు లేదు. తవుడి కోసం ఆ చోట నేను ఏడవడం అదే మొదటిసారి. తరవాత మూడో అడుగు కూడా వేసి బండ వెనక్కి వెళ్ళాను. మంచు గోడ ముందు గౌరీశు నడుం పట్టుకుని వంగి ఉన్నాడు. నన్ను చూసి దీపం వెలుతురులో పెదవులు కదిపాడు.

"అంత లాగాలేటి. నడుం ఇరిగిపోయినాది."

మిగిలిన షిఫ్టంతా అతని పక్కనే నిలబడి కోశాను. తిరిగొచ్చాక పిలుపు గదిలో పుస్తకం తెరిచి ఉంది. లచ్చుంనాయుడు కార్డుల మీద ముద్ర వేస్తున్నాడు, తల ఎత్తలేదు. నూకరత్నం అప్ప కళ్ళు తుడుచుకుంటూ కుడి పేజీ నా వైపు తిప్పింది. పదమూడో పిలుపు. ఒకటో నెంబరు, ఒక సెకను. రెండో నెంబరు, తొమ్మిది.

తొమ్మిదే. నేనూ లెక్కపెట్టాను.